కొత్త లైన్ కోచ్‌కి సున్నుండలు

కెల్టన్, ఐయోవా
ఏప్రిల్ నెల, ఆదివారం

అక్కకు,

నీ చెల్లెలు వసంత నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, బావగారు, అమ్మ బాగున్నారని ఫోన్‌లో వింటూనే ఉన్నా, ఉత్తరం కనుక మళ్ళీ అడగాలి, అడుగుతున్నాను. ఎండలు ముదిరాక అమ్మ మోకాళ్ళు కాస్త మాట వింటున్నాయా? బావగారు మిట్టమధ్యాహ్నం స్కూటర్ వేసుకుని తిరగడం మానారా? నీ కబడ్డీ పిల్లలు జిల్లా పోటీల్లో ఏం చేశారు? గెలిస్తే ఫోటో పంపు. ఓడిపోతే తప్పకుండా పంపు, ఆ మొహాలు నాకు ఇంకా బాగా అర్థమవుతాయి.

ఫోన్ చేతిలో పెట్టుకుని ఉత్తరమేమిటని బావగారు నవ్వుతారు, నవ్వనీ. వీడియో కాల్‌లో అమ్మ నీ పక్కనే కూర్చుంటుంది. "చిక్కిపోయావే" అంటుంది. ఇక పొద్దున్నించీ ఏమేం తిన్నానో లెక్క చెప్పేసరికి కాల్ అయిపోతుంది. ఇది అమ్మ ముందు చెప్పే సంగతి కాదు. చెడ్డ కబురేమీ కాదు, కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. ఈ మధ్య నాకొకటి జరిగింది. ఆట ఆడినదానివి, ఇప్పుడు పిల్లల చేత ఆడిస్తున్నదానివి, నీకైతే అర్థమవుతుందని రాస్తున్నాను. స్టాఫ్ రూమ్‌లో తీరిగ్గా కూర్చుని చదువుకో.

టెక్సస్‌లో, ప్లేనోలో ఉన్నన్నాళ్ళు అక్కడ జనం ఎక్కువని విసుక్కునేదాన్ని. లిఫ్ట్‌లో తెలుగు, కిరాణా కొట్లో తెలుగు, జిమ్‌లో కూడా తెలుగే. నాతో కలిసి ఉండే సునీత వంటింట్లో పాటలు పాడుతుంటే చెవులు మూసుకునేదాన్ని. ప్రాజెక్ట్ ఇక్కడికి మారి, ఈ ఊరొచ్చాక తెలిసింది, నేను విసుక్కున్నది నా అదృష్టం మీద అని. ఇది యూనివర్సిటీ చుట్టూ పెరిగిన చిన్న ఊరు. పశువుల దాణా తయారుచేసే కంపెనీలో నా పని. నేను వచ్చేసరికి మొక్కజొన్న కోసేశారు. మోళ్ళ మీద మంచు పడి, ఎటు చూసినా తెల్లగా, చదునుగా ఉండేది. కరివేపాకు కావాలంటే రెండు గంటలకు పైగా డ్రైవ్ చేయాలి.

శుక్రవారం సాయంత్రం ఆఫీస్ గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి బై చెబితే, సోమవారం పొద్దున మళ్ళీ అతనికే హాయ్ చెప్పేదాకా నా గొంతు నేను వినేదాన్ని కాదు. ఒక ఆదివారం గొంతు ఉందో పోయిందో చూద్దామని వంటింట్లో నిలబడి పన్నెండో ఎక్కం చదివాను. నవ్వకు. నవ్వినా ఫర్వాలేదు, నేనూ నవ్వాను.

ఆఫీసులో మధ్యాహ్నం అందరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు. అక్కడ ఒకటే మాట, ఫుట్‌బాల్. మనం ఫుట్‌బాల్ అనుకునేది కాదు, ఇక్కడ బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు. యూనివర్సిటీ టీమ్ ఈ ఊరి ఇలవేల్పు. పెళ్ళి ముహూర్తాలు కూడా మ్యాచ్‌లు లేని రోజు చూసి పెట్టుకుంటారని చెప్పారు. నా పక్క సీటు కెవిన్ మంచివాడే, నా కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా లేచి వచ్చి చూస్తాడు. కానీ ఆట మాట వచ్చిందంటే పూనకమే. నేను పప్పన్నం డబ్బా ముందు పెట్టుకుని, వాళ్ళు నవ్వినప్పుడు నవ్వుతూ, వాళ్ళు నిట్టూర్చినప్పుడు పెదవి విరుస్తూ ఆ శీతాకాలమంతా గడిపాను. పక్క ఊరి పెళ్ళిలో భోజనానికి కూర్చున్నట్టు ఉండేది.

జనవరిలో ఒకరోజు నా కారు ఇంటి ముందే మంచులో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతాయి గాని కారు కదలదు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు పక్క వాటా తలుపు తెరుచుకుని, నైటీ మీదే కోటు వేసుకున్న ఒక పెద్దావిడ ఒక సంచీ ఈడ్చుకుంటూ వచ్చింది. నన్ను అడగనైనా అడగకుండా చక్రాల కింద ఏదో ఇసుక లాంటిది గుమ్మరించింది.

"ఇప్పుడు మెల్లగా పోనీ తల్లీ. గట్టిగా తొక్కకు."

కారు బయటికొచ్చింది. ఆ ఇసుక ఏమిటని అడిగితే పెంపుడు పిల్లులు దొడ్డికి వెళ్ళే తొట్టెలో పోసేదట. "మీకు పిల్లి ఉందా?" అన్నాను. "లేదు. మేం కాపురం పెట్టిన ఊరూరా మంచు ఉంది. అందుకని ఎప్పుడూ ఒక సంచీ ఉంచుకుంటాను" అంది.

ఆవిడ పేరు గ్లెండా. అమ్మకంటే ఒక పదేళ్ళు చిన్నదేమో. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, ఆంటీ అన్నాను. "నాకు మేనకోడలు పుట్టిందన్నమాట" అని ఎంత నవ్విందో. ఆవిడా, వాళ్ళాయనా ఆ వారమే ఈ ఊరొచ్చారు, ఎవరూ తెలియదు. ఆ సాయంత్రం టీ పెట్టి పిలిచాను. ఆ తర్వాత రోజూ ఆఫీస్ నుంచి రాగానే ఇద్దరం నా వంటింట్లోనో ఆవిడ వంటింట్లోనో కూర్చునేవాళ్ళం. శనివారం కలిసి కూరగాయలకి వెళ్ళేవాళ్ళం. ఆవిడకి అల్లం టీ అలవాటైంది, నాకు ఆవిడ చేసే ఆపిల్ కేకు అలవాటైంది. పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు అక్కా. కూరగాయల ధరలు, చలి, ఆవిడ నడుము నొప్పి. అయినా సాయంత్రం ఒక మనిషి నాకోసం కనిపెట్టుకుని ఉంటుందనే ధీమాతో పగలంతా పనిచేసేదాన్ని. ఈ ఊరు మొత్తం మీద నాకు ఉన్నది ఆ ఒక్క మనిషి. ఇది గుర్తుపెట్టుకో.

ఒకరోజు మాటల్లో మీవారు ఏం చేస్తారని అడిగాను. ఆయన పేరు డేల్. ఎత్తయిన మనిషి, ఒక మోకాలు ఈడుస్తూ నడుస్తాడు. పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు. గ్లెండా కాస్త ఆగి చెప్పింది, యూనివర్సిటీ టీమ్‌కి కొత్త లైన్ కోచ్ ఆయనేనట. అఫెన్సివ్ లైన్ అంటారు. అదేమిటో నాకేం తెలుసు! ఆవిడ నా పోపులడబ్బా తీసి, అందులో గిన్నెలు ఐదు వరసగా పెట్టింది. వాటి వెనక ఆవాల గిన్నె పెట్టింది.

"ఈ ఆవాలు క్వార్టర్‌బ్యాక్. బంతి ఇతని చేతిలో ఉంటుంది, పేపర్‌లో ఫోటో ఇతనిదే పడుతుంది. ఈ ఐదుగురూ బంతి ముట్టుకోరు. అతని మీద ఎవరూ పడకుండా అడ్డం నిలబడటమే వీళ్ళ పని. బాగా చేస్తే వీళ్ళ వంక ఎవరూ చూడరు. ఒక్కసారి తప్పితే ఊరంతా వీళ్ళనే చూస్తుంది. వీళ్ళకి నేర్పేవాడు డేల్."

నీ టీమ్‌లో చేతులు పట్టుకుని నిలబడే మూల పిల్లలు గుర్తొచ్చారు. కూతకి వెళ్ళినవాళ్ళకే చప్పట్లని నువ్వు ఎన్నిసార్లు గొడవపడ్డావో కూడా గుర్తొచ్చింది. నాకు మాత్రం ఇంకో సంగతి గట్టిగా తగిలింది. కొత్త ఉద్యోగం వచ్చి, కాపురం కొత్త ఊరికి మార్చి ఇన్నాళ్ళయితే, నాకు ఇప్పుడా చెప్పేది! నోరు తీపి చేయకుండా ఇన్నాళ్ళు వాళ్ళ ఇంట్లో కేకు తిన్నానా!

ఆ వారాంతం సున్నుండలు చేశాను. ప్లేనో నుంచి తెచ్చుకున్న మినప్పప్పు ఉన్నదంతా వేయించాను. పప్పు ఎర్రబడే వేళకి పొగ పసిగట్టే యంత్రం కూత మొదలుపెట్టింది. కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ, కిందకి దిగి పప్పు కలుపుతూ, మళ్ళీ ఎక్కుతూ నా అవస్థ చూడాల్సింది నువ్వు. వెన్న కాచి నెయ్యి చేశాను. అమ్మ చేసినంత మెత్తగా రాలేదు గాని, తినేలాగే వచ్చాయి. ఒక డబ్బా నిండా పట్టుకెళ్ళి గ్లెండాకి ఇచ్చి, "మీవారికి కొత్త ఉద్యోగం వచ్చినందుకు" అన్నాను.

ఆవిడ డబ్బా మూత తీసి, అలా నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈ ఉద్యోగానికి కంగ్రాచ్యులేషన్స్ చెప్పిన మొదటి మనిషివి నువ్వే" అంది. సంతోషంతో అంటోందనుకున్నాను. అందులో ఇంకేదో ఉందని నాకు తట్టనేలేదు.

ఇక ఇక్కడ మన బుద్ధి పోనిచ్చుకున్నానా? మిగిలినవి ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఇంట్లో ఎవరికి ఉద్యోగం వచ్చినా మనం వీధంతా పంచుతాం కదా. బ్యాంకులో బావగారికి పర్మనెంట్ అయినప్పుడు ఎదురింటి కోడలితో మాటలు లేకపోయినా ఆవిడకీ ఇచ్చి వచ్చావు నువ్వు. నేనూ అలాగే, లంచ్ టేబుల్ మధ్యలో పళ్ళెం పెట్టి, శీతాకాలమంతా తెరవని నోరు తెరిచి చెప్పాను, "మన టీమ్‌కి కొత్త లైన్ కోచ్ వచ్చాడు కదా, ఆ సందర్భంగా. అందరూ తీసుకోండి" అని.

టేబుల్ టేబులంతా పగలబడి నవ్వింది. కెవిన్‌కి తాగుతున్న కాఫీ ముక్కులోకి పోయింది. "వాసాంటా! నువ్వు ఇంత జోక్ వేస్తావని నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు. ఒకరు భుజం తట్టారు. ఇంకొకావిడ ఈ స్వీట్ పేరేమిటని అడిగింది. కెవిన్ పళ్ళేన్ని, పక్కన నన్ను ఫోటో తీశాడు. నాకేమీ అర్థం కాలేదు, కానీ ఎంత బాగుందో చెప్పలేను. అందరూ నా వైపు తిరిగి కూర్చున్నారు. శనివారం ఎవరింట్లోనో కలుస్తున్నారట, నన్ను కూడా రమ్మన్నారు. ఆ రోజు ఇంటికి పాటలు పెట్టుకుని డ్రైవ్ చేశాను.

మర్నాడు సాయంత్రం టీ పెట్టి గ్లెండా తలుపు తట్టాను. లోపల టీవీ వినిపిస్తోంది, తలుపు తీయలేదు. మెసేజ్ పెట్టాను, చూసింది, జవాబు లేదు. ఆ తర్వాతి రోజూ అంతే. శనివారం ఆవిడ కారు నేను లేచేసరికే వెళ్ళిపోయింది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను, నేనేమైనా అన్నానేమో అనుకున్నాను. సోమవారం కెవిన్ నా దగ్గరికొచ్చి ఫోన్ చూపించి, "చూడు, నువ్వు ఫేమస్" అన్నాడు. అప్పుడు తెలిసింది.

ఫ్యాన్స్ గ్రూప్‌లో నా ఫోటో. నేను పళ్ళు ఇకిలిస్తూ, ముందు సున్నుండల పళ్ళెం. పైన కెవిన్ రాసింది: "కొత్త లైన్ కోచ్ వచ్చిన శుభసందర్భంలో మా ఆఫీసులో సింపతీ స్వీట్లు పంచబడుతున్నవి." చావింట్లో పెట్టే తిండి అన్నమాట. కింద ఒకటే వెటకారాలు. నేను అప్పటిదాకా ఆ గ్రూప్ వంక చూడనేలేదు. కూర్చుని వెనక్కి వెనక్కి చదువుతూ పోయాను. డేల్ పేరు ప్రకటించిన రోజు నించీ వాళ్ళు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. వెనకటి టీమ్‌లో ఆయన లైన్ సరిగా నిలబడక క్వార్టర్‌బ్యాక్‌కి భుజం విరిగిందట. ఈ ఊరివాడు, పూర్వం ఇక్కడే ఆడినవాడు ఒకడు ఈ ఉద్యోగానికి ఉన్నాడట, హెడ్ కోచ్ వాడిని కాదని పాత స్నేహితుడికి ఇచ్చాడట. ఆయన నడకని ఎక్కిరించారు, లావుని ఎక్కిరించారు. అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు అక్కా! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాబోయే ఓటమికి ఇప్పుడే ఏడుపు. డేల్‌కి ముందున్న కోచ్‌ని కూడా నెత్తిన పెట్టుకుని, తర్వాత వీళ్ళే తరిమేశారు. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

ఇన్ని తిట్ల మధ్య నేను పెట్టిన పళ్ళెం వాళ్ళకి జోక్. మరి గ్లెండాకి? డేల్ ఇవేమీ చూడడని, తానే దాక్కుని అన్నీ చదువుతానని ఆవిడ నాకు ఒకసారి చెప్పింది. ఏం చదువుతుందో అప్పుడు నేను అడగలేదు. తన ఇంట్లో డబ్బాలో ఉన్న ఉండలే ఆ ఫోటోలోనూ ఉన్నాయి. మొట్టమొదట కంగ్రాచ్యులేషన్స్ చెప్పిన మనిషే వెనక చేరి నవ్వుతోందని ఆవిడ అనుకోక ఏమనుకుంటుంది?

కెవిన్‌ని ఫోటో తీసేయమన్నాను. "అది జోక్ కాదు. మా ఊళ్ళో ఎవరికైనా ఉద్యోగం వస్తే స్వీట్లు పంచుతాం. నేను నిజంగానే పంచాను" అన్నాను. నమ్మడానికి వాడికి కాసేపు పట్టింది. మొహం ఎర్రబడింది పాపం. సారీ చెప్పి వెంటనే తీసేశాడు. కానీ అప్పటికే అది ఎక్కడెక్కడికో పోయింది.

ఆ సాయంత్రం గ్లెండా తలుపు తట్టాను. ఈసారి తీసింది, సగమే. "ఆంటీ, ఆ ఫోటో" అని మొదలుపెట్టాను. ముందే అల్లుకున్న ఇంగ్లీషు వాక్యాలన్నీ ఎటు పోయాయో. "మా కస్టమ్, మా కస్టమ్" అని తడబడ్డాను.

"ఇట్స్ ఫైన్, హనీ. మాకిది అలవాటే" అంది, నవ్వుతూనే. తలుపు వేసుకుంది.

ఇక్కడ ఎవరైనా ఇట్స్ ఫైన్ అన్నారంటే ఇక మాట్లాడేది లేదని అర్థం. మన పక్కింటావిడలా నాలుగు దులిపి ఉంటే, నేనూ నాలుగు అని, ఇద్దరం ఏడ్చి, కాఫీ తాగేవాళ్ళం. ఆ నవ్వు చూశాక నాకు తిండి సయించలేదు.

సునీతకి ఫోన్ చేసి చెబితే అది మొదలుపెట్టింది. "ఏం జేసినవే పిచ్చిదానా! ఎవరి జాబ్‌కో నువ్వు స్వీట్లు పంచుడేంది? కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆమె మొగడు, వాళ్ళ ఫ్యాన్స్, నడుమ నువ్వెవరు? లైట్ తీస్కో. నీ ప్రాజెక్ట్ ఎక్స్‌టెన్షన్ సంగతి మేనేజర్‌ని అడిగినవా, లేదా, ముందు గది చెప్పు."

అడగలేదు. ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి ఇదీ విను, ప్రాజెక్ట్ ఏడాది చివరిదాకా ఉందో లేదో తెలియదు. లేకపోతే వేరేది వెతుక్కోవాలి, హెచ్ వన్ వీసా మీద ఖాళీగా కూర్చోవడానికి ఎక్కువ రోజులు ఒప్పుకోరు. దొరుకుతుంది, ఎప్పుడూ దొరికింది, నువ్వు బెంగపడకు. అమ్మకి మాత్రం చెప్పకు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో రాయడం కష్టం. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఇప్పుడు నాకోసం కుర్చీ ఉంచుతున్నారు. ఎంతకాలం ఎదురుచూశానో ఆ కుర్చీ కోసం! కానీ అక్కడ కూర్చుంటే డేల్ మాట వస్తుంది, పక్కింట్లోనే ఉంటాడు కదా, ఎలా ఉంటాడని నన్ను అడుగుతారు. నేను డబ్బా తీసుకుని పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని తినడం మొదలుపెట్టాను. అద్దాలకి ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించేది కాదు. ఇంటికొస్తే గోడకవతల వాళ్ళ టీవీ, గిన్నెల చప్పుడు, గ్లెండా దగ్గు. మనిషి లేకపోవడం ఒక రకం. మనిషి అక్కడే, గోడ అవతలే ఉండి లేకపోవడం ఇంకో రకం. రెండోదే నాకు ఎక్కువ కష్టమైంది. అల్లం నూరడం మానేశాను. ఒక్కదానికి టీ పెట్టుకోబుద్ధి కాలేదు. ఉగాది పచ్చడి కూడా చేసుకోలేదు, చేసుకున్నానని అమ్మకి అబద్ధం చెప్పాను.

నిన్న శనివారం యూనివర్సిటీ మైదానంలో ప్రాక్టీస్ మ్యాచ్. టీమ్‌లోవాళ్ళే రెండు జట్లుగా చీలి ఆడతారు, ఊరంతా వచ్చి చూస్తుంది, టికెట్ లేదు. కొత్త లైన్‌ని జనం చూడటం ఇదే మొదలు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకే తెలియదు. ఇంట్లో ఉంటే గోడ వంక చూస్తూ కూర్చోవాలి కదా.

ఏప్రిల్ అన్న మాటే గాని, గాలికి చెవులు తెగిపోయేలా ఉంది. మెట్ల నిండా టీమ్ రంగు ఆకుపచ్చ చొక్కాల్లో జనం. పైవరసల్లో మా ఆఫీసువాళ్ళు. కెవిన్ నన్ను చూసి లేచి నిలబడి చేతులు ఊపాడు. "వాసాంటా! ఇటు, ఇటు! చోటుంది!" అందరూ జరిగి నా కోసం చోటు చేశారు, దుప్పటి కూడా చూపించారు.

కింద, మైదానం అంచుకి దగ్గర వరసలో, గ్లెండా ఒక్కతే కూర్చుంది. రెండు పక్కలా సీట్లు ఖాళీ. ఆవిడ ఎవరో జనానికి తెలుసు. పక్కన కూర్చుని మొహం మీద తిట్టలేరు కదా, అందుకని వెనక వరసలో చేరారు.

నేను కెవిన్‌కి చెయ్యి ఊపి, కిందికి దిగాను. ఆవిడ పక్కన నిలబడి, "ఇక్కడ ఎవరైనా వస్తారా?" అని అడిగాను. ఆవిడ తలెత్తి చూసింది. లేదని తలూపి మళ్ళీ మైదానం వైపు తిరిగింది. కూర్చున్నాను.

అందరూ బంతిని చూస్తున్నారు. ఆవిడ ఆ ఐదుగురు కుర్రాళ్ళనే చూస్తోంది, నేనూ వాళ్ళనే చూశాను. ఒకసారి వాళ్ళల్లో చివరివాడు జారాడు. అవతలివాడు దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పడేశాడు. అంతే, వెనక నించి ఒకడు అరిచాడు, "ఒరేయ్ డేల్, బస్సెక్కి పో!" ఇంకొకడు ఆయన కుంటి నడక మీద ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణంలో నా ఇంగ్లీషు సరిపోకపోతే తెలుగులోనే కడిగేద్దామని వెనక్కి తిరగబోయాను.

గ్లెండా నా మణికట్టు పట్టుకుంది.

"తిరక్కు. తిరిగితే మనం విన్నామని వాళ్ళకి తెలుస్తుంది. ముందుకే చూడాలి. నేను ఎన్నో ఊళ్ళల్లో నేర్చుకున్నది ఇదొక్కటే."

ముందుకే చూశాను. నువ్వు ఆడే రోజుల్లో అమ్మ మ్యాచ్‌కి ఎందుకు వచ్చేది కాదో నాకు నిన్నే అర్థమైంది. ఆటంటే ఇష్టం లేదనుకున్నాం. కూతురిని అంటుంటే విని ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు, అంతే.

గ్లెండా నా చెయ్యి వదల్లేదు. కాసేపయ్యాక, మైదానం వైపే చూస్తూ అడిగింది. "ఆ స్వీట్లు. నిజంగానే పంచావా?"

"నిజంగానే ఆంటీ. మాలో ఉద్యోగం వస్తే ఊరంతా పంచుతాం."

"ఊరంతానా? ఆ ఉద్యోగం వాళ్ళకి నచ్చినా, నచ్చకపోయినా?"

"అది మేం అడగం. పెడతాం, తినాలి, అంతే."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను, నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "డేల్ వాటిని రోజుకొకటి చొప్పున తిన్నాడు. నీ మీద కోపంతో నేను ముట్టుకోలేదు. ఆయన మాత్రం, ఎందుకిస్తే ఏం, బాగున్నాయన్నాడు" అంది. నాకు అక్కడే ఏడుపొచ్చింది అక్కా. చలికి అని చెప్పాను. నమ్మినట్టు నటించింది.

ఆట అయ్యాక కార్ల వైపు నడుస్తూ ఆవిడే అంది, "చూడు తల్లీ, ఈ సీజన్ బాగోకపోతే డిసెంబర్‌కి మమ్మల్ని పంపించేస్తారు. నువ్వు మరీ అలవాటు పడకు. నేను ప్రతి ఊళ్ళో ఈ తప్పు చేస్తాను." నా ప్రాజెక్ట్ సంగతి నేనూ చెప్పాను. డిసెంబర్‌కి ఇద్దరిలో ఎవరు ముందు సామాన్లు సర్దుకుంటామో తెలియదు. అయినా ఆదివారం సాయంత్రం టీకి వస్తానంది. ఇంకో గంటలో వస్తుంది, అల్లం నూరి పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆవిడ వెళ్ళిపోయే రోజు తలుచుకుంటే ఇప్పట్నుంచే బెంగగా ఉంది. కానీ నేను బాగానే ఉన్నాను, నిజంగా.

ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే కందిపొడి, కాస్త పొట్టు మినప్పప్పు పంపు. బావగారికి నా నమస్కారాలు. అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టి, ఉగాది పచ్చడి అబద్ధాన్ని కూడా క్షమించమను, ఏ అబద్ధమో చెప్పకుండా. ఎదురింటి కోడలిని అడిగానను. నీ ఆశీస్సులు నాకెప్పుడూ కావాలి.

ఇంకొక్క పని. మంగళవారం బస్టాండ్ దగ్గర ఆంజనేయస్వామి గుడికి వెళ్ళినప్పుడు ఒక అర్చన చేయించు. పేర్లు డేల్, గ్లెండా. పంతులుగారికి నోరు తిరక్కపోతే నువ్వు నెమ్మదిగా పలికించు. గోత్రం అడుగుతారు. వాళ్ళకి లేదనకు, మీ అత్తవారిదీ చెప్పకు. మన పుట్టింటిది చెప్పు.

ఇట్లు
నీ చెల్లెలు
వసంత